ఉప్పు మేస్త్రి

మద్రాసు శివారు మనలిలో ఆ గుంత తవ్విన రోజు అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది రాయడం కాస్త తేలికవుతుంది.

మా పని చూసేవాళ్ళకి పిచ్చి పనిలా ఉంటుంది. కరెంటు స్తంభం ఒక పక్కకి ఒరిగిపోకుండా పైనుంచి ఏటవాలుగా ఒక ఇనుప తీగ దిగుతుంది కదా, దాన్ని స్టే కంబి అంటాం. అది నేలని తాకే చోట ఒక ఉక్కు రాడ్డుకి బిగించి ఉంటుంది. ఆ రాడ్డు నిలువెత్తు లోతుకు దిగి, అడుగున ఒక పలకకి అతుక్కుని, మన్ను బరువు మీద స్తంభాన్ని లాగిపెట్టి ఉంచుతుంది. పైకి కనిపించే మూరెడు రాడ్డు ఎప్పుడూ బాగానే ఉంటుంది. లోపల అసలు రాడ్డనేది మిగిలుందో, తుప్పు తినేసిందో ఎవడికి తెలుసు? అది తెలుసుకోవడమే మా ఉద్యోగం. రాడ్డు పక్కన మోకాలి లోతు తవ్వి, వైరు బ్రష్షుతో తుప్పు గీకి, మందం కొలిచి, సుత్తితో తట్టి చూస్తాం. నేల తడిపి మీటరు పెట్టి, ఆ మన్నుకి ఇనుమును తినే గుణం ఎంతుందో లెక్క తీస్తాం. దారిన పోయేవాళ్ళు ఆగి, "ఏం సార్, నిధి దొరికిందా?" అని అడిగి నవ్వుకుంటూ పోతారు.

పోయినేడు వానలకి ముందు మా చిన్న కంపెనీకి మనలి, ఎన్నూరు వైపు పాత స్తంభాల పరీక్ష అప్పజెప్పారు. మా మేనేజరు మేడమ్, నేను, నా కింద ఒక జూనియరు, తవ్వడానికి కొందరు మనుషులు. అందరూ తమిళులే. ఆఫీసులో నేనూ తమిళుడినే. తరతరాలుగా మద్రాసులో పాతుకుపోయిన తెలుగిల్లు మాది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బడిలో, కాలేజీలో, ఆఫీసులో నా తెలుగు సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మా నాయన సంగతి కూడా అట్లాగే.

ఫ్యాక్టరీ గోడ వెనకాల, లారీలు ఆగే సందులో తవ్వుతున్నాం. జానెడు మన్ను తీయగానే నల్లటి పొర తగిలింది. బొగ్గు. దాని కింద తెల్లటి మరకలు పట్టిన మన్ను, మళ్ళీ బొగ్గు. మా జూనియరు ఆ తెల్లదాన్ని వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు. వాడిదంతా అదో రకం. "ఉప్పు సార్!" అని ఉమ్మేశాడు. లోపల రాడ్డు పెన్సిలంత సన్నబడి ఉంది. బ్రష్షు తగిలితే పెచ్చులు రాలాయి.

ఇళ్ళకి ఎర్తింగ్ పెట్టేటప్పుడు గుంటలో ఉప్పూ బొగ్గూ పొరలు పొరలుగా పోస్తారు, చూసే ఉంటారు. తడి నిలిచి, తప్పిపోయిన కరెంటు నేలలోకి సులువుగా దిగిపోవడానికి. అక్కడ అది సరైన పద్ధతే. కానీ స్తంభాన్ని మోసే రాడ్డు చుట్టూ ఉప్పూ బొగ్గూ పోయడమంటే ఆ ఇనుముకి మన చేత్తో విషం పెట్టడమే. మా చదువులో మొదటి ఏడాదే చెబుతారు ఈ సంగతి.

"ఏ మహానుభావుడు సార్ ఈ పని చేసింది? స్తంభానికి సాంబారు పెట్టాడా?" అన్నాడు జూనియరు. ఆ మాటకి కూలీలు పకపకా నవ్వారు. వాడికి ఊపు వచ్చేసింది. "ఉప్పు మేస్త్రి! ఈ రోజునుంచీ వాడి పేరు ఉప్పు మేస్త్రి!" అని పారతో నేల మీద కొట్టి నామకరణం చేశాడు. ఉప్పు, మేస్త్రి, రెండూ తమిళంలోనూ అవే మాటలు. ఆ పేరు నాకు ఏ భాషలో గుచ్చుకుందో కూడా చెప్పలేను.

ఎందుకంటే ఆ మేస్త్రి ఎవరో నాకు తెలుసు. తిరువొత్తియూరులో మా ఇంటి వరండాలో కూర్చుని, పొద్దున్నే కళ్ళద్దాలు పెట్టుకుని, పేపర్లో రాశిఫలాలు మాత్రం చదివే మనిషి ఆయన.

మా నాయన జీవితమంతా ఒక గుత్తేదారు కింద స్తంభాలు పాతే మేస్త్రిగా పనిచేశాడు. మనలి, ఎన్నూరు, ఆ మధ్య ఊళ్ళు, అన్నీ ఆయన తిరిగిన నేలలే. నా చిన్నప్పుడు ఒక వానాకాలం, ఎన్నూరు దారిలో ఒక ఆమె తడి బట్టలు ఆరేద్దామని స్టే కంబికి తాడు కట్టబోయి, షాకు కొట్టి అక్కడికక్కడే చనిపోయింది. పైన తీగ తెగి స్టేకి తగిలిందట. నాయన అప్పుడు అక్కడే పనిలో ఉన్నాడు, ఆ శవాన్ని పక్కకి తీసినవాళ్ళలో ఒకడు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. తర్వాతనుంచి ఆయన నాటే ప్రతి స్టే గుంటలో ఉప్పూ బొగ్గూ వేయడం మొదలుపెట్టాడు. గుత్తేదారు ఇవ్వకపోతే ఇంట్లోంచే పట్టుకుపోయేవాడు. అమ్మ వంటింట్లో ఉప్పు జాడీ బోర్లించి చూపించి, "స్తంభానికి పెట్టినాక మిగిల్తే మాకు కూడా రెండు ఉప్పు గల్లులు పెట్టండి" అని ఎత్తిపొడిచేది. ఆయన మాత్రం, "స్టేకి కరెంటొస్తే భూమిలోకి పోవల్ల, మనిషిలోకి పోగూడదు. చుమ్మా, ఊరికే గుంత తీసి పాతేస్తే అది పనా?" అనేవాడు.

ఆయన తోటి మేస్త్రీలు గుంత తీశారు, రాడ్డు దించారు, మన్ను కప్పి పోయారు. వాళ్ళ రాడ్లు నేటికీ గట్టిగా ఉన్నాయి. శ్రద్ధగా చేసిన మా నాయనవే కుళ్ళిపోయాయి.

నేను నవ్వాను. జూనియరు చెప్పిన సాంబారు మాటకి, "రసం కూడా పోసుంటాడు, అడుగున చూడు" అని నేనే ఒక మాట కలిపాను. అందరూ ఇంకాస్త నవ్వారు. ఛీ! ఎంత నీచంగా నవ్వానో ఇప్పటికీ చెవుల్లో వినబడుతుంది. నోరు మూసుకుని ఉన్నా సరిపోయేది. నవ్వకపోతే అనుమానం వస్తుందనుకున్నాను. ఎవడికొస్తుంది అనుమానం? ఎందుకొస్తుంది? దొంగ బుద్ధి.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళగానే నాయన రోజూ అడిగే మాటే అడిగాడు. "ఏంరా, నా స్టేలు ఎట్లుండాయి?" నేను ఆ ప్రాంతంలో పని మొదలుపెట్టిన నాటినుంచీ ఆయనకి అదో సంబరం. తండ్రి నాటినవి కొడుకు పరీక్ష చేయడం.

"బాగుండాయి నాయనా" అన్నాను, చెప్పులు విప్పుతూ, ఆయన మొహం చూడకుండా.

"ఉండవా మరి! ఆటికేం, నేను పోయినాక కూడా ఉంటాయి" అని పేపరు మడిచి పెట్టాడు.

తర్వాత వారమంతా మాకు చుక్కలు కనబడ్డాయి. ఒక స్టే తవ్వితే నిక్షేపంగా ఉంది, దాని పక్కదే తవ్వితే పుల్ల. వరసా లేదు, వావీ లేదు. మామూలుగా అయితే మీటరు చూసి ఎక్కడ తవ్వాలో ఊహించేవాళ్ళం. ఆ ప్రాంతమంతా ఉప్పునీటి కయ్యల పక్కన ఉంది గనక మీటరు ఎక్కడ పెట్టినా చెడ్డగానే చూపించింది. అన్నీ తవ్వుకుంటూ పోతే వానలు వచ్చేస్తాయి. మనకి వానలంటే వట్టి వానలా? గాలి కూడా. ఆ గాలికి రాడ్డు తెగిందంటే స్తంభం రోడ్డు మీదికే వస్తుంది, కరెంటు తీగలతో సహా.

మేడమ్ తల పట్టుకుంది. "ఆ గుత్తేదారు ఎప్పుడో మూసేసుకున్నాడట. అప్పటి మేస్త్రీలు ఎవరైనా బతికుంటే బాగుండు. ఎక్కడెక్కడ ఉప్పు పోశారో చెబితే చాలు, అవి ముందు మార్చేద్దాం" అంది.

"ఆ ఉప్పు మేస్త్రి ఇంకా ఎక్కడ బతికుంటాడు మేడమ్? బీపీ వచ్చి పోయుంటాడు" అన్నాడు జూనియరు.

నేను నా ఫోను చూసుకుంటూ కూర్చున్నాను. "మా నాయనే మేడమ్, ఇక్కడికి దగ్గర్లోనే ఉంటాడు, రేపు తీసుకొస్తా" అంటే అయిపోయే పని. ఆ వాక్యం నోటిదాకా వచ్చింది కూడా. కానీ తర్వాత జరిగేదంతా కళ్ళ ముందు కదిలింది. జూనియరు మొహం, కూలీల మొహాలు, పండక్కి స్వీట్లు పంచినప్పుడు ఎవడో ఒకడు, "సార్ ఇంటి స్వీట్లు కదా, ఉప్పు సరిపోయిందా?" అనడం. పైగా నాయనకి చెప్పాలి. నువ్వు జీవితమంతా చేసిన మంచి పనే చెడ్డ పని అని చెప్పాలి. రెండింటిలో ఏది ఎక్కువ భయపెట్టిందో అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసు. మొదటిదే.

అందుకని నేనొక తెలివైన పని చేశాను. తెలివి తగలెయ్య!

ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ, "నాయనా, మా ఆఫీసులో మంచి పని ఎట్లుంటుందో చూపించమంటున్నారు. నువ్వు ఉప్పూ బొగ్గూ ఏసి నాటినవన్నీ ఒకసారి చూపిస్తావా? ఫోటో తీసి పెట్టల్ల" అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. కాఫీ ఇంకా సగం ఉంది. లోపలికి పోయి, పెళ్ళిళ్ళకి వేసుకునే తెల్ల చొక్కా తొడుక్కుని వచ్చాడు. అమ్మ నవ్వింది. "సంబంధం చూసుకోను పోతాండారా?" అని.

బండి మీద ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని పొద్దెక్కేదాకా తిప్పాను. ఆయనకి ఒక్కటి కూడా మరుపు రాలేదు. మలుపులు మారిపోయాయి, గుడిసెల చోట మేడలు వచ్చాయి, అయినా, "ఈడ ఆపు. ఆ టీ కొట్టు ఎనక చూడు. అది నాదే" అని వేలు పెట్టి చూపించేవాడు. ఒక్కోదానికీ ఒక కథ. ఇక్కడ నీళ్ళు ఊరి గుంత నిండిపోయింది, అక్కడ బండరాయి తగిలి గునపం వంగిపోయింది. దిగి, స్టే పక్కన నిలబడి, చొక్కా గుండీలు సరిచేసుకుని, కంబి మీద చెయ్యి వేసి ఫోటోకి చూసేవాడు. నేను ఫోటో తీసేవాణ్ణి. ఫోటోతో పాటే ఆ చోటు ఫోనులో పడిపోయేది. నాకు కావలసింది అదే.

ఒక చోట నావైపు చూసి, "మీ సార్లు నన్ను రమ్మంటారా?" అని అడిగాడు. "చూద్దాం నాయనా" అన్నాను. "చుమ్మా అడిగినా. కొత్తోళ్ళకి ఎట్ల నాటల్లనో ఎవురూ చెప్పరు. పిలిస్తే వచ్చి చెప్తా" అన్నాడు. నేను ఫోను జేబులో పెట్టుకుని బండి స్టార్టు చేశాను.

సోమవారం ఆ జాబితా మేడమ్ ముందు పెట్టాను. వెళ్ళి తవ్వారు. అన్నీ పుల్లలే, ఒక్కటీ తప్పిపోలేదు. "ఎలా కనిపెట్టారు?" అని మేడమ్ అడిగింది. నేల రంగులో తేడా కనబడుతుందని, చాలా రోజులు గమనించానని, ఏదో నోటికొచ్చింది వాగాను. ఆమె నమ్మింది. పెద్దాఫీసుతో మాట్లాడేటప్పుడు నా పేరు చెప్పి మెచ్చుకుంది. జూనియరు, "సార్ కళ్ళకి నేల లోపల కూడా కనబడుతుంది" అని అందరికీ చెప్పుకు తిరిగాడు. నేను వద్దనలేదు. వద్దు వద్దు అంటున్నట్టు చెయ్యి మాత్రం ఊపాను, మెచ్చుకోలు పుచ్చుకునేవాళ్ళు ఊపుతారే, అట్లా.

మార్చే పని మొదలైంది. ముందు తాత్కాలికంగా ఇంకో తాడుతో స్తంభాన్ని బిగించి, పాత రాడ్డు పెకలించి, కొత్తది దించడం. పెకలించిన రాడ్లన్నీ మనలి సందులోనే గోడ వారగా పేర్చారు.

ఒకరోజు మధ్యాహ్నం నేను గుంత అంచున వంగి కొలత తీస్తున్నాను. తల ఎత్తేసరికి షేర్ ఆటోలోంచి మా నాయన దిగుతున్నాడు. అదే తెల్ల చొక్కా. నేను పిలుస్తానేమోనని ఎదురుచూసి ఎదురుచూసి, పిలవకపోయేసరికి ఆయనే వచ్చేశాడు. ఎక్కడ పని జరుగుతుందో అమ్మ దగ్గర నేనే అన్నాను. ఆయన నా వైపు చూసి నవ్వి, మాట్లాడబోయి, గోడ వార రాడ్లు చూసి ఆగిపోయాడు.

దగ్గరికి పోయి ఒక రాడ్డు చేతిలోకి తీసుకున్నాడు. పైన లావుగా, కింద దబ్బనంత సన్నగా ఉందది. ఇంకోటి తీసుకున్నాడు. ఇంకోటి. బొటనవేలితో తడిమితే తుప్పు పొడి ఆ తెల్ల చొక్కా మీద రాలింది. దులుపుకోలేదు.

మా జూనియరు పోయి, పాపం మర్యాదగానే, "ఏం పెద్దాయనా, అట్లా చూస్తున్నారు?" అని పలకరించాడు. అంతటితో ఊరుకోలేదు. "ఎవడో ఉప్పు మేస్త్రి అని ఒకడున్నాడులెండి. స్టే గుంటల్లో ఉప్పు పోసి ఇట్లా చేశాడు. వాడి పుణ్యాన ఈ ఊరు కూలిపోయేది, మా సార్ కనిపెట్టారు గనక సరిపోయింది" అని నన్ను చూపించాడు. కూలీలు నవ్వారు, రోజూ నవ్వినట్టే.

నాయన నన్ను చూశాడు. నేనూ చూశాను. నేను ఒక్క మాట అనాలి. అందరూ అక్కడే ఉన్నారు, మేడమ్ జీపులోంచి దిగి వస్తోంది. ఆయన నాకు కావలసినంత సేపు ఇచ్చాడు. నేను కొలత పరికరం తుడుచుకున్నాను. దాని మీద ఏ మట్టీ లేదు.

"మీరెవరండీ?" అంది మేడమ్.

నాయన చక్కటి తమిళంలో, చేతులు కట్టుకుని చెప్పాడు. "పాత మేస్త్రినమ్మా. సారు పిలిపించారు. ఆ ఉప్పు పోసింది నేనే."

నవ్వులు ఆగిపోయాయి. జూనియరు నోరు తెరిచి అట్లాగే ఉండిపోయాడు. నాయన కొనసాగించాడు. "స్టేకి షాకొచ్చి ఒక ఆడమనిషి పోయిందమ్మా, నా కళ్ళ ముందర. అందుకని వేశాను. ఇనుమును తింటుందని నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. తప్పు నాదే. ఇంకా రెండున్నాయి, ఎన్నూరులో, చేపలమ్మే సందులో. అవి సారుకి కూడా తెలియవు. ఇప్పుడే పోవాలి."

సారు, సారు. నన్నే. ఆయన నోట ఆ మాట వినడం కంటే చెంప పగలగొట్టినా బాగుండేది. నాకు సిగ్గు లేదని అప్పటికే తేలిపోయింది గనక ఇంకా నోరు విప్పలేదు. మేడమ్ అందరినీ జీపెక్కమంది. "ఆయన్ని నేను బండి మీద తీసుకొస్తా" అన్నాను.

కోస్తా రోడ్డు మీద లారీల మధ్య చాలా దూరం వచ్చేశాం. తర్వాత వెనకనుంచి అడిగాడు.

"నన్ను బండెక్కించుకుని తిప్పినావే, ఆ పొద్దుకే నీకు తెలుసునా?"

"తెలుసు నాయనా."

"ఫోటోలు తీసింది దానికేనా?"

"ఆమా, దానికే."

లారీ ఒకటి దాటిపోయేదాకా ఆగాడు. "చెప్పుంటే ఈ రెండూ కూడా ఆ పొద్దే చూపించుందును గదరా. అవి వంకరగా నిలబడినాయి. ఎంత లాగినా సరిగ్గా రాలేదు. ఫోటో అంటివే, వంకర పని నీకు చూపించేదానికి సిగ్గేసి మానుకున్నా."

బండి పక్కకి ఆపేయాలనిపించింది. ఆపలేదు. పొగిడి రాబట్టినవాడికి పొగడదగ్గవే దొరికాయి. తప్పు జరిగింది నాయనా, సాయం చెయ్యి అని అడిగుంటే అన్నీ చెప్పేవాడు, వంకరవి ముందు చెప్పేవాడు. నా తెలివి వల్ల ఆ రెండు స్తంభాలూ ఇన్ని రోజులు అట్లాగే నిలబడి ఉన్నాయి, ఎవరి నెత్తిన పడదామా అని.

నెత్తులు ఉన్నాయి కూడా. ఎన్నూరు సందులో ఆ స్టేల నీడన ఆడవాళ్ళు వరసగా గంపలు పెట్టుకుని రొయ్యలు, పీతలు అమ్ముతున్నారు. ఒకామె స్టే కంబికే వీపు ఆనించి కూర్చుంది, కొంగుతో ఈగలు తోలుకుంటూ. లేవమంటే ఒప్పుకోలేదు. "బేరం టైముకే వస్తారు మీరంతా!" అని మా మీద విరుచుకుపడింది. చివరికి నాయన ఆమె ముందు గొంతుక్కూర్చుని, "ఇది నేను పాతిందేనమ్మా, సరిగ్గా పాతలేదు, నీ మీద పడుతుంది, లే తల్లీ" అని బతిమాలితే గొణుక్కుంటూ గంప ఎత్తుకుంది.

తాత్కాలికపు తాడు బిగించాక, మా మనిషి గునపంతో కాస్త మన్ను కదిపి, రాడ్డు పట్టుకుని ఊపాడు. ఊపీ ఊపగానే పట్టుకున్న ముక్క చేతిలోకి వచ్చేసింది. అతను తూలి వెనక్కి కూర్చుండిపోయాడు. ఇందాక తిట్టినామె గంప పట్టుకుని ఆ ముక్కనే చూస్తూ నిలబడింది.

మేడమ్ చెమట తుడుచుకుంది. "మీరు ఈ రోజు రాకపోయుంటే..." అని నాయనతో అని, నా వైపు తిరిగింది. "ఇవి మీ లిస్టులో ఎందుకు లేవు?"

"నాకిప్పుడే గుర్తొచ్చిందమ్మా. సారు ఏం చేస్తారు పాపం" అన్నాడు నాయన, నేను నోరు తెరిచేలోపే.

పాపం! ఆ మాటతో నాలో ఏదో తెగిపోయింది. "మేడమ్, ఈయన మా నాన్న" అన్నాను. "నేల రంగూ లేదు, గమనించడమూ లేదు. నాకు మొదటి గుంత దగ్గరే తెలుసు. అబద్ధం చెప్పి, ఆదివారం బండి మీద తిప్పి, ఈయన దగ్గర లాగాను. అడగాల్సినట్టు అడిగుంటే ఈ రెండూ ఆ రోజే చెప్పేవాడు."

జూనియరు వంగి బ్రష్షు కోసం వెతుకుతున్నట్టు నేల తడిమాడు. బ్రష్షు వాడి చేతిలోనే ఉంది. మేడమ్ "ముందు ఆ రెండోది తవ్వించండి" అని మాత్రం అని అటు తిరిగింది.

నాయన నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాక్కుపోయాడు. చిన్నప్పుడు కూడా ఆయన నన్నంత గట్టిగా పట్టుకున్న గుర్తు లేదు.

"నీకు బుద్ధుండాదా? ఎందుకు చెప్పినావురా? ఆ పేరు నాతోనే పోయుండు గదా! నేను ఇంటికి పోయి కూసుంటా, నన్ను ఎవురు చూడొచ్చినారు? నువ్వు రేపు ఆ నా కొడుకుల మధ్యన పన్జేసుకోవల్ల. ఉప్పు మేస్త్రి కొడుకని పిలుస్తారు నిన్ను. అందుకే గదరా, సారూ సారూ అని అంత కష్టపడి చెప్పినా!"

నేను ఏ పేరుకి భయపడి ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నానో, ఆ రాడ్ల దగ్గర నిలబడి నన్ను చూసిన ఆ కాస్త సేపట్లోనే ఆయనకి అర్థమైపోయింది. అందుకు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ పేరు నాకు తగలకుండా ఉండాలనే కన్నకొడుకుని సార్ అన్నాడు.